రూపాయికి ఎనిమిది పైసలు: ఒక పురపాలక బడ్జెట్టును చదవడం గురించి

మా వాడకట్టులో బీడీలు చేసే ఒక పెద్దమ్మ ఇంటిపన్ను నోటీసు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఒడిలో చాట లేకుండా ఆమెను చూడడం అరుదు. "గిండ్ల ఏమున్నదో సదివి చెప్పు బిడ్డా, పైసలెన్ని గట్టాల్నో" అన్నది. చదివాను. ఆస్తిపన్ను ఇంత, పాత బకాయి ఇంత, దాని మీద వడ్డీ ఇంత. వాటి పక్కనే ఒక చిన్న గడి: గ్రంథాలయ సెస్సు. "గదేంది?" అన్నది. లైబ్రరీ నడపడానికి తీసుకొనే పన్ను పెద్దమ్మా అన్నాను. ఆమె కాసేపు ఊరుకున్నది. "నాకు సదువే రాకపాయె, నేనెందుకు గట్టాలె? గట్టిన పైసలు యాడికి పోతయి?"

మొదటి ప్రశ్నకు నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉన్నది. చదువు రాని వాళ్ళ పిల్లల కోసమే గ్రంథాలయమని సభల్లో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి, ఆమెకూ చెప్పాను. రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళుగా ఈ మెట్‌పల్లి మీద కథలు రాస్తున్నాను. పసుపు మార్కెట్టు మీద రాశాను, ఖాదీ నూలు వడికే ఆడవాళ్ళ మీద రాశాను, గల్ఫ్ డబ్బుతో కట్టి తాళం వేసిన ఇండ్ల మీద రాశాను. ఈ ఊరు ఏటేటా తన గురించి తాను రాసుకొనే పుస్తకం ఒకటున్నదనీ, దాని పేరు బడ్జెట్టనీ, నేను దాన్ని ఒక్కసారైనా తెరవలేదనీ ఆ పూట తెలిసింది.

ఆ తరువాత కొన్ని నెలల పాటు మా ప్రాంతంలోనూ బయటా దొరికిన పురపాలక బడ్జెట్లను ముందు పెట్టుకొని, తెలిసినవాళ్ళను అడుగుతూ, చట్టం వెతుక్కుంటూ చదివాను. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. సాహిత్య విద్యార్థికి తెలిసిన పద్ధతి ఒకటే: ఈ రచనలో మాట్లాడుతున్నది ఎవరు, వినవలసింది ఎవరు, ఏది చెప్పారు, ఏది చెప్పకుండా వదిలారు. ఆ పద్ధతి బడ్జెట్టుకు కూడా పనికివస్తుందని నా అనుభవం. అందుకే ఈ నాలుగు మాటలు మన పత్రికలో రాస్తున్నాను.

పురపాలక సంఘం సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. చలికాలంలోనే కార్యాలయంలో ఒక్కొక్క విభాగం లెక్కలు తీయడం మొదలుపెడుతుంది. రెవెన్యూ వాళ్ళు పన్ను ఎంత వస్తుందో చెబుతారు. ఇంజనీరింగు వాళ్ళు సడకులు, మోరీలు, నల్లా గొట్టాల ఖర్చు రాసిస్తారు. పారిశుధ్యం వాళ్ళు కార్మికుల జీతాలు, బండ్ల డీజిలు లెక్క ఇస్తారు. ఇండ్ల అనుమతుల ఫీజు ఎంత రావచ్చో పట్టణ ప్రణాళిక విభాగం చెబుతుంది. అకౌంట్సు విభాగం వీటన్నింటినీ ఒక చోట కుట్టి కమిషనరుకు ఇస్తుంది. కమిషనరు కౌన్సిలు ముందు పెడతారు.

కుట్టిన పుస్తకంలో ప్రతి పద్దుకూ నిలువు గళ్ళు ఉంటాయి. గడచిన ఏడు నిజంగా ఎంత వచ్చింది లేదా ఎంత ఖర్చయింది అన్నది ఒక గడి. నడుస్తున్న ఏటికి మొదట వేసిన అంచనా, దాన్ని సవరించిన అంచనా మరో గడి. రాబోయే ఏటి అంచనా చివరి గడి. కొత్తగా చదివేవాళ్ళ చూపు చివరి గడి మీదికే పోతుంది, పత్రికలలో వచ్చేది కూడా అదే. కాని కథ ఉండేది గళ్ళ మధ్య దూరంలో. పోయిన ఏడు పది లక్షలు వచ్చిన పద్దు కింద రాబోయే ఏడు యాభై లక్షలు వస్తాయని రాశారంటే, ఎవరో ఒక ఖర్చును కాగితం మీద నిలబెట్టడానికి ఆ నలభై లక్షలు అవసరమయ్యాయని అర్థం చేసుకోవాలి. 'మిగులు బడ్జెట్టు' అని వార్త వచ్చినప్పుడు ఆ మిగులు పెట్టెలో ఉన్నదా, చివరి గడిలో ఉన్నదా అని చూడవలసి ఉంటుంది.

పుస్తకం మూడు భాగాలుగా ఉంటుంది: మామూలు రాబడి ఖర్చులు, మూలధన పనులు, డిపాజిట్లు-అడ్వాన్సులు. మూడో భాగాన్ని ఎవరూ చదవరు. నేను కూడా మొదట వదిలేశాను. దాని సంగతి చివర చెబుతాను.

రాబడిలో ఊరు సొంతంగా సంపాదించుకొనేవి కొన్ని. ఆస్తిపన్ను, ఖాళీ జాగాల పన్ను, నల్లా ఛార్జీలు, మడిగెల కిరాయిలు, వ్యాపార లైసెన్సుల రుసుము, ఇండ్ల అనుమతుల ఫీజులు. వేరేవాళ్ళు వసూలు చేసి పంచేవి కొన్ని. స్థలాలు, ఇండ్లు చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసే సుంకంలో వాటా ఇటువంటిదే. వృత్తిపన్నును 1987 చట్టంతో రాష్ట్రమే తన చేతిలోకి తీసుకున్నది. తక్కినవి గ్రాంట్లు. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు, రాష్ట్రం ఇచ్చే గ్రాంటు, పథకాల డబ్బు. ఇక్కడొక మాట గమనించాలి. గ్రాంటు వచ్చేటప్పుడు తన ఖర్చును తనతోనే తెచ్చుకుంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మనవంటి పట్టణాలకు ఇచ్చిన దానిలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కేటాయించారు. మిగిలిన 40 శాతంలోనే ఊరికి కొంత స్వేచ్ఛ.

ఆస్తిపన్ను ఎట్లా కడతారో చూద్దాం. మన దగ్గర 1990 నాటి నియమాల పద్ధతిలో ఊరును జోన్లుగా విడదీస్తారు. కప్పును బట్టి ఇండ్లను తరగతులు చేస్తారు: ఆర్.సి.సి., బండల కప్పు, మంగళూరు పెంకు లేదా రేకులు, గూన పెంకు, గుడిసె. ఒక్కొక్క జోనులో ఒక్కొక్క తరగతికి చదరపు మీటరుకు నెలకు ఇంత అద్దె వస్తుందని నిర్ణయిస్తారు. దాని మీద ఏడాది అద్దె విలువ కట్టి, అందులో ఇంత శాతం పన్ను అంటారు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణ కోసం అనుకున్నవి. నూరు చదరపు మీటర్ల డాబా ఇల్లు. మీటరుకు నెలకు 10 రూపాయలు. నెలకు 1,000, ఏడాదికి 12,000. యజమానే కాపురం ఉంటే నియమాల ప్రకారం 40 శాతం తగ్గింపు ఉన్నది, కాబట్టి 7,200. పన్ను 20 శాతమైతే 1,440 రూపాయలు. ఇప్పుడు అదే ఇంటిని అద్దెకిచ్చారనుకోండి. 40 శాతం తగ్గింపు పోతుంది, కట్టడం వయసుకు ఇచ్చే తగ్గింపే మిగులుతుంది. ఇరవై అయిదేళ్ళ లోపు కట్టడానికి అది 10 శాతం. అద్దె విలువ 10,800, పన్ను 2,160. అంటే అవే గోడలకు 720 రూపాయలు ఎక్కువ. యజమాని దాన్ని తన జేబులో నుంచి కడతాడని అనుకొనేంత అమాయకులు మన పాఠకుల్లో లేరు. అది కిరాయిలో కలుస్తుంది. రెండు గదుల కిరాయి ఇంట్లో బీడీలు చుట్టే కుటుంబానికి నోటీసు రాదు, వాళ్ళ పేరు పన్ను రిజిస్టరులో ఉండదు, కాని పన్ను వాళ్ళే కడుతున్నారు. పైగా రాయితీ లేని రేటున. పెద్ద బంగళాలో సొంతంగా కాపురముండే ఆసామికి మాత్రం తగ్గింపు ఉంటుంది. 'సొంత ఇంటివాడు' అంటే పేదవాడేనని నియమం రాసినవాళ్ళు అనుకొని ఉండవచ్చు. రాతలో కనబడని ఇటువంటి వర్గ స్వభావాన్ని పట్టుకోవడమే విమర్శ పని అయితే, ఆ పనికి ఈ నియమం ఏ నవలకూ తీసిపోదు.

2019 పురపాలక చట్టం మరీ చిన్న ఇండ్లకు ఒక మేలు చేసిన మాట నిజం. 75 చదరపు గజాల లోపు జాగాలో సొంతంగా కట్టుకున్న ఇంటికి ఏడాదికి 100 రూపాయల పన్ను మాత్రమే అన్నది. ఆ చట్టమే ఇంటి కొలతలు యజమానినే రాసివ్వమన్నది, తప్పు రాస్తే పన్నుకు ఇరవై అయిదు రెట్లు జరిమానా అన్నది. కొలత ఎవరు తీస్తారన్నది మారింది. అద్దె విలువ అంకె ఎక్కడ పుడుతుందన్నది మారలేదు.

ఇక్కడే నాకు అసలు సంగతి తెలిసింది. ఈ లెక్కలో ఏ ఒక్క అంకెనూ ఆ ఏటి బడ్జెట్టు నిర్ణయించదు.

అమెరికాలోని చాలా నగరాలలో ఏటేటా జరిగే పని దీనికి తలకిందులు. అక్కడ కౌన్సిలు ముందు ఖర్చెంతో తేల్చుకుంటుంది. పది కోట్లు అనుకుందాం. ఇతర రాబళ్ళు ఆరు కోట్లు వస్తాయి. మిగిలిన నాలుగు కోట్లను ఊళ్ళోని మొత్తం ఆస్తి విలువతో భాగిస్తారు. ఆస్తి విలువ నాలుగు వందల కోట్లయితే ఆ ఏడు పన్ను రేటు నూటికి ఒకటి. గ్రంథాలయం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచాలంటే రేటు ఎంత పెరుగుతుందో సభలోనే తెలుస్తుంది, ఎవరు ఒప్పుకున్నారో ఎవరు వద్దన్నారో పేర్లతో సహా నమోదవుతుంది. ఆ విధానం పుణ్యక్షేత్రమని నేను అనడం లేదు. కాలిఫోర్నియాలో 1978లో ఆస్తిపరులు ఓటు వేసి పన్నును విలువలో ఒక శాతానికి మించకుండా, ఏటా రెండు శాతానికి మించి విలువ పెరగకుండా కట్టేశారు. దాని దెబ్బ మొదట తగిలిన వాటిలో గ్రంథాలయాలున్నాయి. అయినా అక్కడ రేటు ఒక రాజకీయ నిర్ణయంగా కళ్ళ ముందు ఉంటుంది.

మన దగ్గర రేటు ఎక్కడో పై నుంచి వచ్చి ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటుంది. బడ్జెట్టు దాని కింద సర్దుకొని కూర్చుంటుంది. అయిదేళ్ళకొకసారి అద్దె విలువలను సవరించాలని 1965 నాటి పురపాలక చట్టంలోనే ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో నివాస గృహాలకు సాధారణ సవరణ 2002లో జరిగింది, నివాసేతర భవనాలకు 2007లో. తరువాత ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, ఆ అంకెలు చాలాకాలం అట్లాగే ఉండిపోయాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి విలువ మీద పన్ను వేయడం మొదలుపెట్టింది. పెంపు ఏడాదికి 15 శాతం మించదన్నది. ఆ పని అయినా ఊళ్ళు కోరుకొని చేసింది కాదు. పన్నుకు కనీస రేట్లు ప్రకటించి, వసూళ్ళు రాష్ట్ర ఉత్పత్తి పెరుగుదలతో సమానంగా పెంచితేనే గ్రాంటని ఆర్థిక సంఘం షరతు పెట్టింది.

రేటు కదలకపోతే పేదలకు మేలే కదా అని ఒక మిత్రుడు అడిగాడు. చూడడానికి అట్లాగే ఉంటుంది. కాని ఇరవై ఏళ్ళలో కిరాయి ఎక్కువ పెరిగింది పెద్ద సడకు మీది మడిగెలకా, వెనుక గల్లీలోని రేకుల ఇంటికా? పాత అంకె వల్ల ఎక్కువ మిగిలేది ఎవరికో దీన్ని బట్టి తెలుస్తుంది. ఊరి పెట్టె ఖాళీ అయినప్పుడు పెద్ద ఇండ్లవాళ్ళు బోరు వేసుకుంటారు, నీళ్ళ డబ్బా కొనుక్కుంటారు, పిల్లలకు పుస్తకాలు తెప్పించుకుంటారు. మోరీ పొంగేది, నల్లా రాకుండా పోయేది, లైబ్రరీలో పత్రిక ఆగిపోయేది ఎవరికి?

రాజ్యాంగం ఏమన్నదని విద్యార్థులు అడగవచ్చు. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ సవరణ పట్టణాలకు స్వపరిపాలన ఇచ్చిందని పాఠ్యపుస్తకాలలో ఉంటుంది. పన్నుల గురించి చెప్పిన 243 ఎక్స్ అధికరణాన్ని వ్యాకరణ దృష్టితో చదవండి. పన్ను వేసే అధికారం పురపాలక సంఘానికి ఉన్నదని అది అనదు. రాష్ట్ర శాసనసభ అటువంటి అధికారం ఇవ్వవచ్చు అంటుంది. 'ఇచ్చును' కాదు, 'ఇవ్వవచ్చును'. ఆ క్రియారూపంలో ఊరి స్వపరిపాలన అంతా ఇమిడి ఉన్నది.

ఊళ్ళు పన్ను గురించి మాట్లాడిన కాలం కూడా ఉన్నది. మనకు చీరాల-పేరాల ఉద్యమం స్వాతంత్ర్య పోరాటంలో ఒక అధ్యాయంగా తెలుసు. అది మొదలైంది పురపాలక పన్ను మీద అన్నది మాత్రం వెనక్కి పోయింది. పదిహేను వేల జనాభా ఉన్న, నేతపనివారు ఎక్కువగా ఉన్న ఆ జంట గ్రామాలను మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. సాలుకు నాలుగు వేల రూపాయలుగా ఉన్న పన్ను నలభై వేలయిందని చరిత్రకారులు ఇచ్చే లెక్క. మగ్గం గుంట ఉన్న ఇంటికి పన్ను పదింతలయితే ఏమవుతుందో సిరిసిల్లలో ఎవరినడిగినా చెబుతారు. జనం కట్టం అన్నారు. జైళ్ళకు పోయారు. రావూరి అలమేలుమంగమ్మ అనే ఆమె కూడా పోయింది. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి, హింస లేకుండా నిరాకరించడమో, ఊరు వదిలి మునిసిపాలిటీ హద్దు బయట ఉండడమో రెండు దారులున్నాయన్నాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పదమూడు వేల మందికి పైగా ఊరు ఖాళీ చేసి పొలిమేర అవతల పందిళ్ళు వేసుకున్నారు. దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. ఎండలో, వానలో పదకొండు నెలలు ఉన్నారు. పన్ను వేయడానికి మునిసిపాలిటీ ఉన్నది, కట్టడానికి ఊరు లేదు. గోపాలకృష్ణయ్య కవి, వక్త, పాటలతో పద్యాలతో జనాన్ని నిలబెట్టినవాడు. ఆయనను అక్టోబరులో జైల్లో పెట్టాక, డబ్బు చాలక, వానలకు తట్టుకోలేక ఉద్యమం ఆగింది.

అదే 1921లో, లండన్ నగరంలో ఓడరేవు కూలీలు ఉండే పోప్లర్ అనే పేట కౌన్సిలు ఇంకో విధంగా తిరగబడింది. అక్కడ ఒక్కొక్క పేట తన పేదలకు ఇచ్చే సహాయం ఖర్చు తానే భరించాలి. నిరుద్యోగులు ఎక్కువున్న పేటలో ఆస్తి విలువ తక్కువ, కనుక రేటు ఎక్కువ వేయాలి. ధనికుల పేటలో రేటు తక్కువ చాలు. జార్జ్ లాన్స్‌బరీ నాయకత్వంలోని పోప్లర్ కౌన్సిలు పేదల సహాయాన్ని ఆపలేదు, నగరం మొత్తానికి తాను కట్టవలసిన వాటాను వసూలు చేయడం ఆపింది. ముప్పై మంది కౌన్సిలర్లను జైల్లో పెట్టారు. వాళ్ళు జైల్లోనే కౌన్సిలు సమావేశాలు జరిపారు, వేరే జైల్లో ఉన్న ఆడవాళ్ళను అక్కడికి తీసుకువచ్చి మరీ. ఆరు వారాలకు వదిలిపెట్టారు. పేదల సహాయ భారాన్ని ధనిక పేటలు కూడా పంచుకునే చట్టం ఆ ఏడే వచ్చింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మన వైపు ఒక అలవాటు కనబడుతుంది. పన్ను కట్టకపోవడమే పోరాటమని మనం అనుకుంటూ వచ్చాం. పరాయి పాలనలో అది సరైనదే. చీరాల నేతగాళ్ళను ఎవరూ తప్పు పట్టలేరు. కాని పోప్లర్ వాళ్ళు పన్నే వద్దనలేదు. ఎవరి మీద ఎంత, ఎవరి కోసం అన్నది వాళ్ళ తగాదా. మన కథల్లో పన్ను వసూలు చేయడానికి వచ్చేవాడు ఎప్పుడూ దుర్మార్గుడే. మోరీ ఎవరి డబ్బుతో కట్టారో ఏ కథలోనూ లేదు, నా కథల్లో కూడా.

చీరాల ప్రశ్న ఇప్పటికీ పూర్తిగా పాతబడలేదు. 2018లో రాష్ట్రంలో అనేక పంచాయతీలు కొత్త పురపాలక సంఘాలయ్యాయి. మా జిల్లాలో రాయికల్, ధర్మపురి అట్లా అయినవే. హోదా పెరిగిన చోట గ్రామీణ ఉపాధి హామీ పని పోయింది. గడ్డపార పట్టే మనిషికి ఊరు పట్టణం కావడమంటే మొదట తెలిసింది అదే.

ఖర్చు వైపు త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ ఎంచుకోవడానికి మిగిలేది తక్కువ. జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుధ్యం, అప్పుల వాయిదాలు ముందే రాసి ఉంటాయి. 2019 చట్టం ప్రకారం పది శాతం మొక్కలకు తీసిపెట్టాలి. వీటన్నింటి తరువాత మిగిలిన దానిమీద కౌన్సిలర్లు తమ తమ వార్డుల కోసం వాదించుకుంటారు. అదీ కౌన్సిలు ఉన్నప్పటి మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో పదవీకాలం ముగిసిన పట్టణాలకు 2014 దాకా ఎన్నికలు లేవు. 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిళ్ళ గడువు 2025 జనవరిలో తీరింది, ప్రత్యేకాధికారులు వచ్చారు. కాబట్టి మా దగ్గర 2025-26 బడ్జెట్టు తయారయ్యే రోజులలో దాన్ని చర్చించే కౌన్సిలు లేదు. పన్ను నోటీసులు మాత్రం వచ్చాయి.

బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరంలో 1989 నుంచి పేటల వారీగా జనం కూడి, కొత్త పనుల డబ్బు ఏ పేటకు ముందు వెళ్ళాలో తేల్చే పద్ధతి పెట్టారు. మన చట్టంలోనూ వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో పదిహేను మంది చొప్పున ఉన్నాయి. 26 వార్డులున్న మెట్‌పల్లిలో ఆ లెక్కన 1,560 మంది కావాలి. వారి ముందుకు మొక్కలు, చెత్త, వీధి దీపాలు వస్తాయి. అద్దె విలువల పట్టిక రాదు.

ఇప్పుడు మూడో భాగం. గ్రంథాలయ సెస్సు అక్కడ ఉంటుంది. ఎందుకంటే అది పురపాలక సంఘం డబ్బు కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు అదనంగా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్చాలి. పై ఉదాహరణలో 1,440 రూపాయలు కట్టే ఇంటికి అది 115 రూపాయల 20 పైసలు. ఊరు ఇక్కడ చేతులు మార్చేది మాత్రమే. మా ఊరి సెస్సు 2016లో జిల్లాలు విడిపోయేదాకా కరీంనగర్‌కు చేరవలసినది, ఆ తరువాత జగిత్యాలకు. పుస్తకాల కొనుగోలు, పత్రికల చందాలు, భవనాలు చాలావరకు ఈ డబ్బు మీదే ఆధారపడి ఉంటాయి.

ఈ చట్టం ఊరికే వచ్చింది కాదు. నిజాం కాలంలో హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయాన్ని చందాలతో నిలబెట్టారు. చందా ఇచ్చే మనసున్న దాత ఉన్న ఊళ్ళో గ్రంథాలయం ఉండేది, లేని ఊళ్ళో లేదు. ఆ దయ మీద ఆధారపడకుండా ప్రతి ఇంటి నుంచీ హక్కుగా డబ్బు రావాలని ఎస్.ఆర్. రంగనాథన్ వంటి వారు పట్టుబట్టిన ఫలితంగా మద్రాసు రాష్ట్రంలో 1948లో చట్టం వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వచ్చింది. రెండూ కలిసి 1960 చట్టమయ్యాయి.

వసూలైన సెస్సును స్థానిక సంస్థలు చేర్చకుండా బకాయి పెట్టడం రాష్ట్రమంతటా ఏళ్ళ తరబడి వింటున్న మాట. ఇందులో దొంగతనం వెతకనవసరం లేదు. పెట్టెలో డబ్బు తక్కువ, జీతాల రోజు దగ్గర పడింది, కరెంటు వాళ్ళు ఒత్తిడి చేస్తున్నారు. మూడో భాగంలోని డబ్బు చేతిలోనే ఉన్నది, అడిగేవాళ్ళు లేరు. రేటు కదలని ఊళ్ళో ఆ ఎనిమిది పైసలు డీజిలుగా మారిపోవడం చాలా సహజం. పారిశుధ్య కార్మికునికి జీతం ఇవ్వవద్దని నేను అనలేను. కాని పెద్దమ్మ ఇచ్చింది జీతానికి వేరే, పుస్తకానికి వేరే.

అడిగేవాళ్ళు లేరన్నాను. అడగవలసిన వాళ్ళం మనమే. సొంత ఖర్చుతో కవితా సంపుటి వేసుకొని, గ్రంథాలయాలు మన పుస్తకాలు కొనడం లేదని ప్రతి సభలో బాధపడతాం. దరఖాస్తులు పెడతాం, సిఫారసులు వెతుకుతాం. పుస్తకం కొనే డబ్బు ఎక్కడ పుట్టి ఎక్కడ ఆగుతుందో నాకు తెలిసిన రచయితల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ జాబితాలో మొన్నటి దాకా నేనూ ఉన్నాను. పోటీ పరీక్షల పిల్లలు తమ పుస్తకాలు తామే సంచిలో మోసుకువచ్చి లైబ్రరీలో బల్ల, ఫ్యాను మాత్రం వాడుకుంటున్న దృశ్యం మీద కవితలు వచ్చాయి. వాటిలో ఒకటి నాది. దాన్ని ఇప్పుడు చదివితే దిగులు ఎక్కువ, సంగతి తక్కువ అనిపిస్తున్నది.

పెద్దమ్మకు ఇదంతా చెప్పలేదు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపల కడితే ప్రభుత్వం ఏటా ప్రకటిస్తూ వస్తున్న అయిదు శాతం తగ్గింపు వస్తుందని, ఆలస్యమైతే నెలకు రెండు శాతం వడ్డీ పడుతుందని చెప్పాను. "చేతుల పైసలున్నోళ్ళకు తక్కువ, లేనోళ్ళకు ఎక్కువ" అన్నది. కార్ఖానా నుంచి రావలసినవి రాగానే ఏప్రిల్ చివరి వారంలో కట్టింది. రసీదు నాకు చూపించి, లైబ్రరీ వరుస ఎక్కడున్నదో వేలుతో చూపించమన్నది. చూపించాను.

మరునాడు మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చి, "నేను పైసలు గట్టిన జాగ చూపియ్యి" అన్నది. ముగ్గురం శాఖా గ్రంథాలయానికి పోయాం. పిల్లను సభ్యురాలిగా చేర్చడానికి చిరునామా రుజువు కావాలంటే, పెద్దమ్మ కొంగుముడి విప్పి ఇంటిపన్ను రసీదు తీసి బల్ల మీద పెట్టింది.